నునుపు రంద ఎంచుకోవడం ఎలా: దిమ్మ నుంచి నోటి దాకా

కోత మిషన్ నుంచి, కరెంటు రంద కింద నుంచి వచ్చిన చెక్క చేతికి నున్నగానే తగులుతుంది. దాని మీద పాలిష్ పడ్డాక మిషన్‌లో తిరిగే బ్లేడ్లు వదిలిన అలలన్నీ బయటపడతాయి. వాటిని తీసేది చివర్లో పట్టే చిన్న చెక్క రంద (చిత్రిక), అదే నునుపు రంద. నల్లగొండ, పాలమూరు వైపు పని నేర్చుకుంటున్నవాళ్లు తరచూ అడిగేది ఈ రంద గురించే. ఏది కొనాలి, పాతది దొరికితే ఎలా చూడాలి, ఎందుకు పెచ్చులు లేస్తున్నాయి అని.

చూడాల్సిన వరుస ఒకటుంది. బ్లేడు మార్చుకోవచ్చు. పని మీద జారే అడుగు సరిచేసుకోవచ్చు. నోరు, అంటే బ్లేడు అంచు ముందున్న ఖాళీ, పెద్దదైతే ముక్క అతికి ఇరుకు చేసుకోవచ్చు. దిమ్మ అంటే రంద ఒళ్లంతా అయిన చెక్క. దాని చెంప (బ్లేడు గూటికి పక్కనున్న చెక్క) పగిలితే, బ్లేడు ఆనే వాలు మెలిక పడితే మాత్రం చేయగలిగింది చాలా తక్కువ. చాలామంది ముందు బ్లేడు మెరుపు చూసి, చివర్లో దిమ్మను తిప్పి చూస్తారు. ఇక్కడ దానికి ఎదురు వరుసలో వెళ్దాం. బాగుచేయలేనిదాన్ని ముందు చూస్తాం.

1. ఏ పనికో ముందు తేల్చుకోండి

పలకల అంచులు జోడించడానికి వాడే పొడవు రంద 22 అంగుళాలు, ఆపైన ఉంటుంది. సాధారణ పని రంద 14 నుంచి 17 అంగుళాలు. నునుపు రంద 7 నుంచి 9 అంగుళాలే. పొడవు రంద ఎత్తు ఉన్నచోట్ల మీద మాత్రమే ఆని వాటినే కోస్తుంది, అందుకే చెక్క మట్టం అవుతుంది. పొట్టి రంద చెక్క ఎలా ఉంటే అలా దిగుతూ ఎక్కుతూ పోతుంది. కాబట్టి వంకర పలకను నునుపు రందతో మట్టం చేయాలని చూడకండి. గంటసేపు తోసినా వంకర అలాగే ఉంటుంది, పైన నునుపు మాత్రం వస్తుంది.

బ్లేడు వెడల్పు 2 అంగుళాలు అయితే అన్ని పనులకూ సరిపోతుంది. ఇనుప రందల్లో 4వ నంబరుది కూడా ఇదే కొలత: 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల బ్లేడు. మొదటిసారి కొనేవాళ్లకు 1¾ అంగుళాలది తోయడానికి ఇంకా తేలిక. 2¼ దాటితే తుమ్మ, మద్ది లాంటి గట్టి చెక్కల మీద భుజం పడిపోతుంది.

పట్టి చూడండి. కుడి అరచేయి వెనక భాగాన్ని నిండుగా పట్టుకోవాలి, ఎడమ చేయి ముందు భాగం మీద ఆనాలి. దిమ్మ ఎత్తు రెండు, రెండున్నర అంగుళాలు ఉంటే బాగుంటుంది. అంతకంటే ఎత్తయితే పని మీద ఊగుతుంది.

2. వాలు కోణం: మీ చెక్కను బట్టి

బ్లేడు అడుగుతో చేసే కోణమే పెచ్చు లేవడాన్ని సగం తేల్చేస్తుంది. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినిని దిమ్మ పక్కన ఆనించి కొలవొచ్చు.

- 45 డిగ్రీలు: ఎక్కువ రందలు ఇవే. టేకు లాంటి తిన్నని పోగు (చెక్కలోని నార) ఉన్న చెక్కకు చాలు. తోయడం తేలిక.
- 50 డిగ్రీలు: టేకు, వేప, మామిడి అన్నీ వచ్చే దుకాణానికి ఇదే మంచిది.
- 55 డిగ్రీలు: పోగు అటూ ఇటూ తిరిగే చెక్కకు. తోయడం బరువు, పదును త్వరగా పోతుంది.
- 60 డిగ్రీలు: మొండి చెక్క మీద పలచని పొర తీయడానికే. మొదటి రందగా వద్దు.

మన దగ్గర ఎక్కువగా చేతికొచ్చే వేపకు పోగు అల్లుకుపోయి ఉంటుంది. ఒక బెత్తెడు అనుపోగు వస్తే పక్క బెత్తెడు ఎదురు పోగు. నల్లమద్ది, ఏగిస కూడా అంతే. వేప దర్వాజాలు ఎక్కువ చేసేవాళ్లు 45 డిగ్రీల ఒంటి బ్లేడు రంద తీసుకుంటే రోజూ బాధపడతారు. 50 డిగ్రీలది తీసుకోండి, లేదా 45 డిగ్రీల దాంట్లోనే బ్లేడు మీద రెండో ఇనుప పట్టీ ఉన్న జోడీ బ్లేడు తీసుకోండి. ఆ పై పట్టీ లేచే పొరను అక్కడికక్కడే వంచి విరుస్తుంది, పోగు ముందుకు చీలకుండా ఆపుతుంది. నన్ను అడిగితే 50 డిగ్రీల వాలు, జోడీ బ్లేడు రెండూ ఉన్నది దొరికితే వదలొద్దు అంటాను.

3. ఎక్కడ దొరుకుతుంది, వెంట ఏం ఉండాలి

కొత్తది కావాలంటే పట్నంలోని హార్డ్‌వేర్ దుకాణాలు, లేదా పనిముట్లు తామే చేసుకునే వడ్లవాళ్లు. పాతవి ఊళ్లో పని మానేసిన వడ్రంగుల ఇళ్లలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం సాగే అంగడిలో వెతకొచ్చు. పాతది అని తక్కువ చూపు చూడొద్దు. ఏళ్ల తరబడి ఆరిన దిమ్మ ఇక కొత్తగా మెలిక తిరగడం అరుదు. కొత్త దిమ్మ పచ్చి చెక్కతో చేసి ఉంటే మొదటి ఎండాకాలంలోనే పగుళ్లు చూపిస్తుంది.

సంచిలో ఇవి పెట్టుకెళ్లండి:

- 12 అంగుళాల స్టీలు స్కేలు
- కోణమానిని
- ఏ-4 కాగితం పట్టీలు నాలుగు (ఒక్కో కాగితం మందం సుమారు 0.1 మి.మీ.)
- చిన్న ఆకురాయి
- వెలుతురుకు సెల్‌ఫోను
- అడుగు వెడల్పు కంటే రెండింతల పొడవున్న, అంచులు తిన్నగా ఉన్న రెండు చెక్క పట్టీలు
- టేకు ముక్క ఒకటి, వేప ముక్క ఒకటి

4. దిమ్మ: ముందుగా చూడాల్సింది

చెక్క ఏదో అడగండి, తర్వాత మీరే చూడండి. సిస్సూ, తుమ్మ చేవ దిమ్మలు బరువుగా, అరుగుదలకు ఓర్చేవిగా ఉంటాయి. టేకు దిమ్మ వానకూ ఎండకూ తక్కువ కదులుతుంది, కానీ అడుగు త్వరగా అరుగుతుంది, ముఖ్యంగా నోటి ముందు. రెండింట్లో ఏదైనా సరే, మొత్తం చేవే ఉండాలి. ఒక పక్కన తెల్ల చెక్క కనిపిస్తే పక్కన పెట్టండి, పురుగు పట్టేది అక్కడే.

దిమ్మ ముందు కొసను వెలుతురులో చూడండి. వలయాల గీతలు ఒకదాని పక్కన ఒకటి దాదాపు తిన్నగా, అడుగుకు సమానంగానో నిలువుగానో ఉంటే మంచిది. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉంటే దిమ్మ వానాకాలంలో చతురస్రం తప్పుతుంది. గీతలన్నీ చుట్టూ తిరిగే చుక్క, అంటే మాను నడిబొడ్డు, దిమ్మలో ఉంటే ఎంత చవకకు ఇచ్చినా వద్దు. అది పగలక మానదు.

పక్క నుంచి చూస్తే పోగు గీతలు అడుగుతో సమానంగా పోవాలి. కాస్త వాలు ఉంటే ముందు నుంచి వెనక్కి కిందికి దిగాలి. ఎదురుగా ఉంటే తోసేటప్పుడు అడుగు పోగు లేస్తుంది, రంద గరుకుగా జారుతుంది.

పగుళ్లు. బ్లేడు కూర్చునే గూటికి రెండు వైపులా మిగిలిన పలచని చెక్కే చెంపలు. దిమ్మ మొత్తంలో బలహీనమైన చోటు అదే. పగులు ఉందో లేదో తెలియాలంటే చెంపలను రెండు చేతులతో మెల్లగా విప్పినట్టు లాగి చూడండి. వెంట్రుక గీత వెడల్పయితే అది పగులే. నోటి మూలల నుంచి పక్కకు సాగే గీతలు కూడా ఇలాగే చూడాలి. ముందు, వెనక కొసల్లో పైపైన ఉండే ఎండు బీటలు అంగుళం లోపు ఉంటే ఫర్వాలేదు, గూటి దాకా రాకపోతే చాలు.

మెలిక. అడుగు పైకి తిప్పి, ముందు కొసన ఒక పట్టీ, వెనక కొసన ఒక పట్టీ అడ్డంగా పెట్టి, ముందు పట్టీ పై అంచు మీదుగా వెనక దాన్ని చూడండి. రెండు అంచులూ ఒకే గీతలో కనిపించాలి. ఒక మూల లేచినట్టు కనిపిస్తే మెలిక. ఒక మిల్లీమీటరు లోపైతే అడుగు తీసి సరిచేయొచ్చు. అంతకు మించితే వాలు కూడా మెలిక పడి ఉంటుంది, వదిలేయండి.

సన్నటి గుండ్రటి రంధ్రాలు, కొట్టి చూస్తే రాలే పిండి ఉంటే పుచ్చు. చెదల మట్టి జాడ ఉన్నా అంతే. అవి మీ దుకాణంలోని మిగతా చెక్కకు అంటుకుంటాయి. వెనక కొస ఇనుప సుత్తె దెబ్బలకు నలిగి గొడుగులా విచ్చుకుని ఉంటే అందం చెడ్డది కానీ పనికి అడ్డం కాదు. అలాంటిచోట మాత్రం లోపల పగులు ఉందేమో రెండోసారి చూడండి.

5. వాలు, బిగింపు చెక్క: రంద ప్రాణం ఇక్కడే

బ్లేడును కింద నుంచి వాలు, పై నుంచి కొట్టి దూర్చే బిగింపు చెక్క, కదలకుండా పట్టేవి ఈ రెండే. ఇవి సరిగా లేని రందలో ఎంత ఖరీదైన బ్లేడు పెట్టినా వణుకుతుంది.

బ్లేడు తీసి వాలును వెలుతురులో చూడండి. స్కేలు అంచును పొడవునా ఆనించండి. నడుమ కాస్త పల్లం ఉంటే తప్పు కాదు, బ్లేడు కింద నోటి దగ్గర, పైన కొస దగ్గర ఆనితే చాలు. నడుమ ఎత్తు ఉంటే మాత్రం బ్లేడు తక్కెడలా ఊగుతుంది. నోటి దగ్గర చివరి అర అంగుళం పూర్తి వెడల్పునా ఆనాలి. దీన్ని కంటితో తేల్చలేకపోతే బ్లేడు వెనక దీపం మసి పలచగా పూసి, గూట్లో పెట్టి, బిగింపు చెక్క కొట్టి, తీసి చూడండి. మసి అంటిన చోట్లే ఆనుతున్న చోట్లు. కొన్నాక ఆ చోట్లను పదునైన ఉలితో గోకినట్టు పలచగా తీస్తూ, మళ్లీ మళ్లీ మసి పెట్టి చూసుకోవాలి. ఒకేసారి తీయొద్దు. ఇక్కడ ఎక్కువ పోయిన చెక్క తిరిగి రాదు.

బిగింపు చెక్కను రెండు రకాలుగా ఆపుతారు. ఒకటి, చెంపల లోపలి గాడుల్లో దాని రెండు కాళ్లూ దిగడం. రెండు, గూటికి అడ్డంగా ఉన్న కడ్డీ కింద అది దూరడం. గాడుల రకంలో ఈ నాలుగూ చూడండి:

- మామూలుగా కొట్టి బిగించాక, రెండు చెంపల పక్కా కాగితం పట్టీ దూర్చండి. ఎక్కడా దిగకూడదు. ఒక పక్క దిగితే బ్లేడు ఆ పక్కకు జారుతుంది.
- పట్టు కింద, నోటి వైపు గట్టిగా ఉండాలి. పైన గట్టిగా, కింద వదులుగా ఉండటం ఎక్కువగా కనిపించే లోపం. దానివల్లే బ్లేడు కొస వణుకుతుంది.
- బ్లేడును బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కితే జారకూడదు.
- దిమ్మ వెనక కొసన చెక్క సుత్తెతో ఒకటి రెండు దెబ్బలకు వదులు కావాలి. ఐదారు కొట్టినా రాకపోతే దాని వాలు గాడి వాలుతో కలవడం లేదు.

అడ్డ కడ్డీ రకంలో కడ్డీ వంగిందా, దాని రంధ్రాలు కోలగా అరిగాయా చూడండి. కడ్డీ కదిలితే బిగింపు ఎప్పుడూ నిలవదు.

బిగింపు చెక్క ఒక్కటే పాడైతే రందను వదులుకోవద్దు. బాగా ఆరిన టేకు ముక్కతో కొత్తది చేసుకోవచ్చు. పాతదాని వాలును ఉజ్జాయింపుగా కొలవకుండా, గాడి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. కాళ్ల కొసలను లోపలి వైపు పలచగా చెక్కి, లేచే పొరకు అడ్డం రాకుండా చేయాలి.

6. నోరు

బ్లేడు అంచుకూ, దాని ముందున్న చెక్కకూ మధ్య ఖాళీయే నోరు. నునుపు రందకు ఇది ఇరుకుగా ఉండాలి. ఎందుకంటే ముందు చెక్క పోగును అదిమి పట్టినంతసేపే పెచ్చు లేవదు. బ్లేడును పలచని పొరకు దించి పెట్టి, ఖాళీలో కాగితం పట్టీలు దూర్చి లెక్కపెట్టండి. మూడు నుంచి ఐదు కాగితాలు దూరితే, అంటే 0.3 నుంచి 0.5 మి.మీ., చక్కటి నోరు. జోడీ బ్లేడు అయి, పై పట్టీని అంచుకు బాగా దగ్గరగా పెట్టేవాళ్లు 0.8 దాకా ఒప్పుకోవచ్చు. రెండూ అతి దగ్గరగా పెడితే పొర బయటికి పోయే దారి లేక గూడు బిగుసుకుంటుంది.

నోరు ఊరికే పెద్దదవదు. అడుగు ఒక మిల్లీమీటరు తీస్తే నోరు దాదాపు ఒక మిల్లీమీటరు తెరుచుకుంటుంది, బ్లేడు వాలు వెనక్కి పోతుంది కాబట్టి. పాత బ్లేడు పోయి ఇనుప రందలోని పలచని బ్లేడు పెడితే ఇంకా ఎక్కువ. 45 డిగ్రీల దిమ్మలో బ్లేడు మందం 2 మి.మీ. తగ్గితే నోరు సుమారు 2.8 మి.మీ. పెరుగుతుంది. పాత రందలో ఇంత పెద్ద నోరు కనబడితే ముందు బ్లేడు అసలుదేనా అని చూడండి.

సరిచేయడం ఇలా: నోటి ముందు అడుగులో పొడవుకు అంగుళం, లోతుకు పావు అంగుళం, వెడల్పుకు బ్లేడు కంటే కాస్త ఎక్కువగా గుంట తీయండి. అందులో తుమ్మ చేవ ముక్కను దిమ్మ పోగు వైపే పోగు ఉండేలా, ఫెవికాల్‌తో అతకండి. ఒక రోజు ఆరనిచ్చి అడుగుతో కలిపి మట్టం చేసి, నోటి వైపు అంచును ఆకురాయితో కొద్ది కొద్దిగా తీస్తూ కావాల్సిన ఖాళీ దాకా రండి.

7. బ్లేడు

చివర్లో చూస్తున్నాం అంటే చిన్నదని కాదు, మార్చగలిగింది అని. పాత చెక్క రందల బ్లేడ్లు చాలావాటికి అంచు వైపు మందం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఆ వాలు వల్లే తోసేటప్పుడు బ్లేడు వెనక్కి జారకుండా బిగింపు చెక్క కింద ఇరుక్కుంటుంది. అంచు దగ్గర 3 మి.మీ. కంటే తక్కువ ఉంటే గట్టి చెక్క మీద వణుకుతుంది.

ఆకురాయిని అంచు మూలన మెల్లగా గీయండి. జారుతూ కొద్దిగా పట్టితే మంచి గట్టిదనం. మెత్తగా కొరికేస్తే పదును నిలవదు. అంచు దగ్గర నీలం రంగు కనిపిస్తే సాన చక్రం మీద కాల్చేశారని అర్థం. ఆ నీలం పోయేదాకా నీళ్లలో ముంచుతూ నెమ్మదిగా అరగదీయాలి, అంత పొడవు మిగిలి ఉందా చూసుకోండి. లారీ కమాన్ పట్టీతో కొలిమిలో చేసిన బ్లేడ్లు కూడా బాగా పనిచేస్తాయి, నీళ్లు పట్టడం సరిగా కుదిరితే.

తిన్నటి వైపు, అంటే ఏటవాలుగా అరగదీయని వైపు, అంచుకు అర అంగుళం లోపు తుప్పు గుంటలు ఉంటే ఆ బ్లేడు వద్దు. ఎంత సాన పట్టినా ప్రతి గుంట దగ్గరా అంచు రంపంలా విరుగుతుంది. పైన ఉన్న తుప్పు గురించి పట్టించుకోకండి.

బ్లేడుకూ చెంపలకూ మధ్య రెండు వైపులా కలిపి ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర ఖాళీ ఉండాలి. ఇది చాలామంది చూడరు. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండకు చెక్క అడ్డంగా ముడుచుకుంటుంది, ఇనుము ముడుచుకోదు. వానాకాలంలో బిగుతుగా కూర్చున్న బ్లేడు ఎండాకాలంలో చెంపలను లోపల నుంచి నెట్టి పగలగొడుతుంది.

8. కొన్నాక సిద్ధం చేసే వరుస

ఈ వరుస మార్చొద్దు. అడుగు ముందు తీసి, తర్వాత వాలు సరిచేస్తే అడుగు మళ్లీ తీయాల్సి వస్తుంది.

1. రెండు వారాలు నీడలో, మీరు పనిచేసే చోటే ఉంచండి. బిగింపు చెక్క వదులుగా.
2. వాలు, బిగింపు చెక్క మసితో చూసి సరిచేయండి.
3. బ్లేడు తిన్నటి వైపు అంచుకు అర అంగుళం మేర మట్టం చేయండి. గాజు పలక మీద 400, తర్వాత 1000, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్, నీళ్లతో.
4. బ్లేడు రెండో వైపును ఏటవాలుగా 25 డిగ్రీలకు అరగదీసి, చివరి అంచు 30 డిగ్రీలకు పదును పెట్టండి. కొలవడానికి తేలిక దారి: అరగదీసిన ఏటవాలు పొడవు బ్లేడు మందానికి రెండింతలు ఉంటే అది 30 డిగ్రీలు. 45 డిగ్రీల దిమ్మలో 35 దాటి పదును పెడితే బ్లేడు వెనక భాగమే చెక్కకు తగిలి రంద జారుతుంది, కోయదు.
5. రెండు మూలలనూ రాయి మీద రెండు మూడు రాపిళ్లు ఎక్కువ ఇవ్వండి. అంచు నడుమ వెంట్రుకంత ఎత్తు ఉంటే చెక్క మీద గీతలు పడవు.
6. అంచున మడత పడ్డ ఇనుము గోటికి తగులుతుంది. అది పూర్తిగా పోయేదాకా పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగండి.
7. పై పట్టీ ఉంటే దాని ముందు అంచును బ్లేడు మీద ఆనించి వెలుతురులో చూడండి. సన్నటి వెలుగు గీత కనిపించినా పొరలు అందులో దూరి ఇరుక్కుంటాయి. అంచు మొత్తం ఆనేదాకా రాయి మీద సరిచేయండి. టేకుకు అంచు నుంచి అర మిల్లీమీటరు, వేపకు 0.2 మి.మీ. దూరంలో పెట్టండి. మర బిగించేటప్పుడు పట్టీ కదులుతుంది, బిగించాక మళ్లీ చూడండి.
8. ఇప్పుడు అడుగు. బ్లేడును లోపలికి లాగి, కానీ బిగింపు చెక్కను పని చేసేటప్పటిలాగే బిగించి ఉంచండి. బిగింపు దిమ్మను కాస్త వంచుతుంది కాబట్టి వదులుగా పెట్టి మట్టం చేస్తే తర్వాత తప్పుతుంది. అడుగు మీద పెన్సిల్ గీతలు గీసి, గాజు పలక మీద అతికించిన 120 నంబరు ఎమెరీ కాగితంపై రుద్దండి. ముందు కొస, నోటి ముందు, వెనక కొస, ఈ మూడు చోట్లా గీతలు చెరిగితే ఆపండి. మిగతాచోట పల్లం ఉన్నా పనికి అడ్డం కాదు. చివర్లో 220తో నాలుగు రాపిళ్లు.
9. అడుగు అంచులను కొద్దిగా గుండ్రం చేయండి, చెక్క మీద గాట్లు పడవు.

9. బ్లేడు దించడం, తొలి పొర

రందను తిరగేసి, ముందు కొస నుంచి అడుగు మీదుగా చూడండి. బ్లేడు సన్నటి నల్ల వెంట్రుకలా కనబడాలి, రెండు వైపులా సమానంగా. దించాలంటే బ్లేడు పై కొసన చిన్న దెబ్బ. ఒక వైపు ఎక్కువుంటే బ్లేడు పక్కన దెబ్బ. వెనక్కి తీయాలంటే దిమ్మ వెనక కొసన చెక్క సుత్తెతో దెబ్బ. ఆ దెబ్బకు బిగింపు కూడా వదులవుతుంది, మళ్లీ ఒక దెబ్బ వేసుకోవాలి. బిగింపు మీద వేసే దెబ్బ బ్లేడును కూడా కాస్త దించుతుంది, అందుకే ముందు బిగించి, ఆ తర్వాతే చివరి సర్దుబాటు చేయండి.

తొలి పొర టేకు ముక్క మీద తీయండి. పొరను దినపత్రిక మీద పెడితే కింద అక్షరాలు కనబడాలి. అప్పుడు వేప ముక్క మీదికి వెళ్లండి. మొదట్లో ముందు చేతి బరువు, చివర్లో వెనక చేతి బరువు. రందను కాస్త ఏటవాలుగా పట్టి తోస్తే గట్టి చెక్కలో తేలిక.

పాత ఇంటి దర్వాజాలు, దూలాలు తిరిగి వాడేవాళ్లు రంద పెట్టేముందు మేకులన్నీ తీసి, సున్నం, మట్టి వైరు బ్రష్‌తో గీకేయండి. ఒక్క మేకు తల చాలు, అరగంట సాన పని పెడుతుంది.

10. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

*పెచ్చు లేస్తోంది.* ఎదురు పోగులో తోస్తున్నారేమో ముందు పలకను తిప్పి చూడండి. అయినా లేస్తే పదును పెట్టండి, పొర పలచన చేయండి, పై పట్టీని అంచుకు దగ్గర చేయండి. ఈ వరుసలోనే. పోగు అల్లుకున్న వేపలో తిప్పినా లాభం లేదు, మిగిలిన మూడే దారి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కాబట్టి అంచు త్వరగా మొద్దుబారుతుంది. నిన్న బాగా కోసింది ఈరోజు పెచ్చు లేపితే అదే కారణం.

*గూట్లో పొట్టు ఇరుక్కుంటోంది.* ఇరుక్కున్న పొట్టును పుల్లతో పీకేయకుండా ఎక్కడ మొదలైందో చూడండి. పై పట్టీ కింద అయితే అది సరిగా ఆనడం లేదు. బిగింపు చెక్క కాళ్ల దగ్గర అయితే కొసలు మందంగా ఉన్నాయి. నోట్లోనే అయితే నోటి ముందు గోడ బ్లేడు వైపు వాలి ఉంది, దాన్ని పైకి పోయేకొద్దీ వెడల్పయ్యేలా ఉలితో సరిచేయాలి.

*చెక్క మీద చిన్న చిన్న అలలు, తోస్తుంటే కటకట చప్పుడు.* బ్లేడు వణుకు. 5వ భాగంలోని మసి పరీక్ష మళ్లీ చేయండి. పది సార్లలో తొమ్మిది సార్లు బిగింపు కింద వదులు, లేదా వాలు నడుమ ఎత్తు.

*రెండు పక్కలా రైలు పట్టాల్లాంటి గీతలు.* బ్లేడు మూలలు దిగుతున్నాయి. మూలలు ఇంకాస్త అరగదీయండి.

*మొదట్లో కోయదు, నడుమ ఎక్కువ కోస్తుంది.* అడుగు నడుమ, నోటి దగ్గర, పొంగి ఉంది. మళ్లీ మట్టం చేయాలి. బిగింపు పెట్టకుండా మట్టం చేసినవాళ్లకు ఇది తప్పకుండా వస్తుంది.

*ప్రతి పది తోపులకూ బ్లేడు వెనక్కి పోతోంది.* బిగింపు చెక్కకు నూనె అంటింది. గుడ్డతో తుడిచి, దానికీ వాలుకూ చాక్‌పీసు రుద్దండి.

11. నూనె, ఎండ, వాన

దిమ్మకు పచ్చి అవిసె నూనె పలచగా, వారం తేడాతో రెండు మూడు సార్లు పూయండి. పూసిన పావుగంటకు మిగిలినదంతా తుడిచేయాలి. పాలమూరులో ఆముదం, పల్లీ నూనె ఇంట్లోనే ఉంటాయని అవి పూయొద్దు. ఆ రెండూ ఆరవు, దుమ్ము పట్టి జిగటగా మారతాయి, పల్లీ నూనెకు ముక్క వాసన కూడా వస్తుంది. వాలుకు, బిగింపు చెక్కకు, గాడులకు ఏ నూనె పూయకండి. అడుగుకు కొవ్వొత్తి ముక్కతో రెండు గీతలు గీస్తే చాలు, తోయడం తేలికవుతుంది.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పొట్టులో పడేయకండి. ఆరేటప్పుడు వేడెక్కి తమంతట తామే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో నానబెట్టి పారేయండి.

పని అయ్యాక బ్లేడును లోపలికి లాగి, బిగింపును సగం వదులు చేసి, రందను పక్కకు వాల్చి పెట్టండి. రేకుల షెడ్డు గోడకు ఆనించి, సిమెంటు నేల మీద పెట్టొద్దు. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాక ఒకసారి, మళ్లీ శివరాత్రి దాటాక ఒకసారి అడుగు మీద స్కేలు పెట్టి చూసుకోండి. వానలకు ఉబ్బి బిగింపు రాకపోతే బలంగా కొట్టకండి. రెండు రోజులు గాలి ఆడే నీడలో ఉంచితే దానంతటదే వదులవుతుంది.